కోడిని కోడి ఎందుకు పొడుస్తుంది?

ఈ నెల గోడ పత్రికలో సైన్సు పాఠం రాసే వంతు పదవ తరగతికి వచ్చింది. నేను కోళ్ల గురించి రాస్తున్నాను. "కోళ్ల గురించి తెలవనిదెవరికి?" అని నవ్వకండి. మన తండాల్లో కోళ్లు లేని ఇల్లు వెతికినా దొరకదు, నిజమే. కాని కోడిని కోడి పొడిచి నెత్తురు తీస్తుంటే ఏం చేయాలో చాలామందికి తెలవదు. "అది పాడు కోడి, కోసెయ్" అంటారు. లేదా అంగడికి తీసుకుపోయి అగ్గువకు అమ్మేస్తారు. కొన్నాళ్లకు ఇంకో కోడి పొడవడం మొదలుపెడుతుంది. దాన్నీ కోస్తారు. ఇట్లా మంద తగ్గుతుందే గాని కొట్లాట తగ్గదు.

మా ఇల్లు బోధన్ పక్కన ఒక తండాలో ఉంది. ఎనిమిది పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. ఇంట్లో ఉప్పు, పప్పు, నా సబ్బులు, పెన్నులు, తమ్ముడికి జ్వరమొస్తే మందులు, అన్నీ ఈ గుడ్ల పైసలతోనే నడుస్తాయి. నిరుడు చలికాలం మా చుక్కల పెట్టకు వీపు మీద ఈకలన్నీ ఊడి, తోక దగ్గర పుండు పడ్డది. పొడిచేది ఎర్రపెట్ట. కాని మందలో అందరికంటే ఎక్కువ గుడ్లు పెట్టేది కూడా ఎర్రపెట్టనే! దాన్ని కోస్తే గుడ్లు పోతాయి, ఉంచితే చుక్కల పెట్ట పోతుంది. "ఏం చేద్దాం బిడ్డా?" అని మా యాడి అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలో నేను చదివింది, సార్లను అడిగింది, ఇంట్లో చేసి చూసింది ఈ పాఠంలో రాస్తున్నాను.

1. పొడిచే వరుస అంటే ఏమిటి?

కోళ్లకు గింజలు చల్లి పావుగంట కదలకుండా కూర్చొని చూడండి. ఒక కోడి ముందుకు రాగానే మిగతావి పక్కకు జరుగుతాయి. అది ఎవరినైనా పొడుస్తుంది, దాన్ని ఎవరూ పొడవరు. రెండో కోడి మొదటిదానికి జాగా ఇస్తుంది, మిగతావాటిని పొడుస్తుంది. ఇట్లా కిందికి పోతే అన్నింటికంటే చివర ఒక కోడి ఉంటుంది. అందరూ దాన్ని పొడుస్తారు, అది ఎవరినీ పొడవదు. దీనినే "పొడిచే వరుస" అంటారు.

ఈ సంగతిని మొదట శాస్త్రంగా రాసినవాడు నార్వే దేశస్థుడు తోర్లైఫ్ షెల్డెరప్ ఎబ్బె. ఆయన 1894లో పుట్టాడు. చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే కోళ్ల దగ్గర కూర్చొని ఏ కోడి ఏ కోడిని పొడిచిందో నోటుబుక్కులో రాసుకునేవాడు. పెద్దయ్యాక ఆ పనినే పట్టుకొని 1921లో డాక్టరేటు సంపాదించాడు. చూడండి, ఆయన పరిశోధనకు కావలసింది కోళ్లు, నోటుబుక్కు, ఓపిక. ఆ మూడూ మన దగ్గర కూడా ఉన్నాయి.

ఆయన గమనించిన ఇంకో వింత ఏమిటంటే, వరుస ఎప్పుడూ నిచ్చెన మెట్లలాగా నిటారుగా ఉండదు. ఒక్కోసారి నల్లది తెల్లదాన్ని, తెల్లది బూడిదదాన్ని, బూడిదది తిరిగి నల్లదాన్ని పొడుస్తుంది. అంటే మూడు కోళ్లు గుండ్రంగా తిరుగుతాయన్నమాట.

పిల్లలు ఆరు వారాలు దాటే సమయానికి ఈ వరుస కోసం కొట్లాట మొదలవుతుంది. ఒకసారి తేలిపోయాక కోళ్లు ఒకదాని ముఖం ఒకటి గుర్తుపెట్టుకుంటాయి. తర్వాత నిజంగా పొడవవలసిన పని ఉండదు. పైకోడి మెడ చాచి చూస్తే చాలు, కిందికోడి తప్పుకుంటుంది. కాబట్టి పొడిచే వరుస కొట్లాట కోసం పుట్టలేదు. రోజూ కొట్లాడకుండా ఉండడానికే పుట్టింది. దీన్ని మనం పూర్తిగా మాన్పించలేము, మాన్పించవలసిన అవసరం కూడా లేదు.

2. ఏది మామూలు? ఏది ప్రమాదం?

మామూలు: గింజల దగ్గర ఒక పోటు పొడిచి వదిలేయడం. కొత్త కోడి వస్తే రెండు మూడు రోజులు కొట్లాడడం. పిల్లల తల్లి దగ్గరికి వచ్చిన ప్రతి కోడిని తరమడం.

ప్రమాదం: ఒకే కోడిని వెంటబడి తరమడం. దాన్ని మేతకు, నీళ్లకు రానీయకపోవడం. వీపు మీద, తోక దగ్గర ఈకలు పీకి తినడం. గుడ్డు పెట్టేచోట పొడిచి నెత్తురు తీయడం.

గుడ్డు పెట్టేటప్పుడు పెట్ట వెనుకభాగం కాసేపు ఎర్రగా బయటికి కనిపిస్తుంది. కోళ్లకు రంగులు బాగా తెలుస్తాయి. ఎర్రగా ఏది కనిపించినా పొడిచి చూస్తాయి. ఒకసారి నెత్తురు కారిందా, పక్కన ఉన్న మంచి కోళ్లు కూడా వచ్చి పొడుస్తాయి. పొద్దున చిన్న గాయం ఉన్న కోడి సాయంత్రానికి చచ్చిపోవచ్చు. అందుకే నెత్తురు కనిపిస్తే "రేపు చూద్దాం" అనవద్దు.

ఇంకొక గుర్తు. పైకి గాయం లేకపోయినా ఒక కోడి ఎప్పుడూ మూలకు ముఖం పెట్టి నిలబడితే, పొద్దుగూకినా దాని మేత సంచి (మెడ కింద ఉబ్బెత్తుగా ఉండేది) ఖాళీగా ఉంటే, దాన్ని మిగతావి తిననీయడం లేదని అర్థం.

3. పోటు ఎందుకు పెరుగుతుంది?

మన ఊరికోళ్లకు పూర్వీకురాలు ఎర్ర అడవికోడి. అడవిలో చిన్న చిన్న మందలుగా తిరుగుతుంది. రోజులో ఎక్కువ భాగం ఆకులు గీకుతూ, పురుగులు ఏరుకుంటూ గడుపుతుంది. ఓడిపోయిన కోడి పొదచాటుకు పారిపోతే కొట్లాట అయిపోతుంది. ఇదే ఈ పాఠంలో ముఖ్యమైన విషయం. ఓడిన కోడికి పారిపోయే జాగా ఉన్నంతవరకు వరుస బాగానే పనిచేస్తుంది. ఆ జాగా లేనప్పుడు అదే వరుస ప్రాణం తీస్తుంది.

(అ) జాగా చాలకపోవడం: మా ఇంటి లెక్క చూడండి. మా గూడు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. అంటే 12 చదరపు అడుగులు. కోళ్లు తొమ్మిది. ఒక్కోదానికి వచ్చేది అడుగుంపావు కంటే కొంచెం ఎక్కువ. పగలంతా బయట తిరిగి, రాత్రి పడుకోవడానికి మాత్రమే వచ్చే కోడికి ఒక చదరపు అడుగు చాలు. కాని పగలంతా లోపలనే మూసి ఉంచితే కనీసం 3, 4 చదరపు అడుగులు కావాలి. అంటే మా కోళ్లకు 27 నుంచి 36 చదరపు అడుగులు కావలసింది.

మరి పగలు ఎందుకు మూశారు? ఇది మన దిక్కు ప్రతి ఇంట్లో ఉన్న సంగతే. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. అది నడిచిన కాలంలో ఊళ్ల చుట్టూ చెరకే ఉండేదని పెద్దలు చెప్తారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డది. చెరకు బాగా తగ్గి వరి, సోయా పెరిగాయి. చెరకు తోటలో కోడి దూరితే ఎవరూ ఏమీ అనకపోయేవారు. వరి నారుమడిలో దూరితే ఊరుకుంటారా? మొలకలన్నీ గీకి పారేస్తుంది. సోయా విత్తనం ఏరుకొని తింటుంది. అందుకని నారు పోసే రోజుల్లో, విత్తే రోజుల్లో కోళ్లను మూసి పెడతారు. చెరకు కొట్టే కాలంలో ఇంటిల్లిపాదీ పనికి పోతే కుక్కలకు, జంగుపిల్లికి భయపడి మూసి పెడతారు. మా చుక్కల పెట్టకు పుండు పడ్డది యాసంగి నారుమళ్ల రోజుల్లోనే. ఆ రెండు మూడు వారాలకు ముందు ఎర్రపెట్ట ఎవరినీ నెత్తురొచ్చేటట్టు పొడవలేదు.

(ఆ) మేతలో లోపం: కోడి ఈకలో నూటికి 85 నుంచి 90 వంతులు ప్రోటీనే. బయట తిరిగే కోడి చెదలు, మిడతలు, ఎర్రలు తిని ప్రోటీను సంపాదించుకుంటుంది. మూసిపెట్టిన కోడికి మనం వేసేది వట్టి నూకలు. నూకలో ప్రోటీను నూటికి 8 వంతులకు దగ్గరగా ఉంటుంది. గుడ్లు పెట్టే కోడికి 16, 17 వంతులు కావాలి. ఆ లోటు తీర్చుకోవడానికి అది పక్క కోడి ఈక పీకి తింటుంది. ఉప్పు తక్కువైనా ఇట్లాగే చేస్తుంది. అంటే ఆ కోడి పాడుది కాదు, ఆకలిది.

(ఇ) ఒకే గిన్నె: తొమ్మిది కోళ్లకు ఒకటే చిప్ప పెడితే మొదటి కోడి చిప్పకు కాపలా కాస్తుంది. చివరి కోడి వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు.

(ఈ) ఎండ, దాహం: మన నిజామాబాద్ ఎండలు మీకు తెలిసినవే. ఎండకాలం కోడి మామూలు కంటే రెట్టింపు నీళ్లు తాగుతుంది. నీడ, నీళ్లు చాలకపోతే చిరాకుపడి కొట్లాడుతుంది.

(ఉ) పని లేకపోవడం: గీకడం, ఏరడం కోడికి పుట్టుకతో వచ్చిన పని. గీకడానికి నేల లేకపోతే ఆ ముక్కు పక్క కోడి మీద పడుతుంది.

(ఊ) కొత్త కోళ్లు: అంగడి నుంచి తెచ్చి నేరుగా మందలో వదిలితే వరుస మొత్తం చెదిరిపోతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా పిల్లలను చాలామంది పెంచుతున్నారు. అవి ఊరికోడి పిల్లల కంటే తొందరగా బరువెక్కుతాయి. ఒకే వయసువని రెండింటినీ ఒకే గంప కింద పెడితే చిన్నవి నలిగిపోతాయి.

(ఋ) పేలు: కోడిపేలు పట్టిన కోడి తన ఈకలు తానే పీక్కుంటుంది. చర్మం ఎర్రబడితే మిగతావి పొడుస్తాయి.

4. ఏం చేయాలి?

మొదటి పని, దెబ్బ తిన్న కోడిని వెంటనే వేరు చేయడం. పుండును గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడగాలి. ఆరాక పసుపు, వేపనూనె కలిపి పూయాలి. పసుపుకు మన జిల్లా పెట్టింది పేరు, కాబట్టి కొదవ లేదు. వేపనూనె చేదుకు ఇతర కోళ్లు ముక్కు పెట్టవు, వాసనకు ఈగలు తక్కువ వాలుతాయి. ఎర్ర రంగు మందులు మాత్రం పూయవద్దు. నెత్తురనుకొని మళ్లీ పొడుస్తాయి. పుండు లోతుగా ఉన్నా, పురుగులు పడినా పశువుల డాక్టరుకు చూపించాలి. వేరు పెట్టిన కోడిని మరీ దూరంగా పెట్టకండి. మిగతావాటికి కనిపించేటట్టు పక్కనే గంప కింద పెడితే అవి దాన్ని మర్చిపోవు.

రెండవ పని, జాగా పెంచడం. మేము కంది కట్టెతో తడకలు కట్టి గూడు ముందు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు దొడ్డి చేశాము. 72 చదరపు అడుగులు. ఒక్కో కోడికి 8 వచ్చింది. ఖర్చు ఒక్క సుతిలి తాడుకే అయింది. దొడ్డి మధ్యలో పాత గంపను ఓరగా నిలబెట్టాము, ఒక మూలకు కట్టెల మోపు వేశాము. పోటు పడిన కోడి వాటి చాటుకు పోతే పైకోడికి కనిపించదు. రాత్రి కూర్చోవడానికి అడ్డంగా ఒక వెదురు కట్టాలి. ఒక్కో కోడికి జానెడు జాగా ఉండాలి.

మూడవ పని, గిన్నెలు పెంచడం. మేతకు రెండు మూడు చిప్పలు, నీళ్లకు రెండు చిప్పలు, దూరం దూరంగా పెట్టాలి. ఒక చిప్ప గంప చాటున ఉండాలి. మొదటి కోడి ఒకేసారి రెండుచోట్ల కాపలా కాయలేదు కదా! గుడ్లు పెట్టడానికి నాలుగైదు పెట్టలకు ఒక బుట్ట చొప్పున, కొంచెం చీకటిగా ఉన్న మూలలో పెట్టాలి.

నాలుగవ పని, మేత సరిచేయడం. ఈ లెక్క నోటుబుక్కులో రాసుకోండి. పది పాళ్ల మేతలో:

నూకలు లేదా పిండిచేసిన మక్కలు: 7 పాళ్లు
సోయా చెక్క: 2 పాళ్లు
తవుడు: 1 పాలు

మక్కల్లో ప్రోటీను 9 వంతులు, సోయా చెక్కలో 45, తవుడులో 13 అనుకొని లెక్క కట్టండి. మొత్తానికి 16 వంతులకు పైన వస్తుంది. కిలో మేతకు 3 నుంచి 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా లోపు, కలిపితే చాలు. ఉప్పు ఎక్కువైతే కోడికి విషమే. సోయా గింజలను పచ్చివి పెట్టరాదు, అరగవు. వేయించాలి. బూజు పట్టిన మక్కలు, పల్లి చెక్క అసలే పెట్టరాదు. పెట్టలకు సున్నం కోసం గుడ్డు పెంకులను ఎండబెట్టి మెత్తగా నూరి వేయాలి. పెంకు ఆకారం తెలిసేటట్టు వేస్తే గుడ్లు తినే అలవాటు పడుతుంది. చెదలు దొరికితే అంతకంటే మంచి మేత లేదు.

ఐదవ పని, ముక్కుకు పని చెప్పడం. చెరకు ఎండాకు గాని, చెరకు పిప్పి గాని, వరి ఊక గాని దొడ్డిలో జానెడు మందాన పరచండి. కొన్ని గింజలను అందులో చల్లండి. కోళ్లు పొద్దంతా గీకుతూనే ఉంటాయి. తడిసిన ఆకును తీసేసి పొడిది వేయాలి, లేకపోతే బూజు పడుతుంది. మునగాకు, తోటకూర కట్టను కోడి తల ఎత్తు కంటే కొంచెం పైకి వేలాడదీయండి. ఒక మూలకు బూడిద, ఇసుక కలిపి పోస్తే అందులో పొర్లుతాయి, పేలు తగ్గుతాయి.

ఈ ఐదు పనులూ చేశాక కూడా ఒకే కోడి పొడుస్తుంటే అప్పుడు ఆరవ పని. పొడిచే కోడిని మూడు నాలుగు రోజులు మిగతావాటికి కనిపించకుండా వేరే గంప కింద పెట్టాలి. మేత, నీళ్లు మాత్రం మామూలుగానే ఇవ్వాలి. అది లేనప్పుడు మంద కొత్త వరుస తేల్చుకుంటుంది. తిరిగి వచ్చినప్పుడు అది కొత్త కోడిలాగా వస్తుంది, జోరు తగ్గుతుంది. మేము ఎర్రపెట్టను నాలుగు రోజులు అట్లా పెట్టాము. రెండు నెలలకు చుక్కల పెట్ట వీపు మీద ఈకలు నిండాయి. ఎర్రపెట్ట ఇప్పటికీ గింజల దగ్గర ఒక పోటు వేస్తుంది. గుడ్లూ పెడుతుంది.

కొత్త కోళ్లను తెచ్చినప్పుడు రెండు మూడు వారాలు దూరంగా ఉంచండి. కొక్కెర తెగులు వంటి రోగముంటే బయటపడుతుంది. తర్వాత ఒక వారం తడక ఇవతల, మిగతావాటికి కనిపించేటట్టు పెట్టండి. ఒంటరిగా కాకుండా రెండు మూడింటిని కలిపి, పొద్దుగూకాక, కర్ర మీద మిగతావాటి పక్కన కూర్చోబెట్టండి. పుంజులు ఎక్కువైనా కొట్లాటే. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు.

5. మీకు తెలుసా?

* కోళ్లకు కళ్లజోళ్లు ఉండేవి! కోళ్లు ఒకదాని కన్ను ఒకటి పొడవకుండా అమెరికాలో ఆండ్రూ జాక్సన్ అనే ఆయన కోడి కళ్లజోడు తయారుచేసి 1903లో పేటెంటు తీసుకున్నాడు.

* ఈకలు రాల్చే కాలంలో పైవరుస కోడి కూడా కిందికి జారవచ్చు. పిల్లలను లేపిన తల్లి పైకి ఎక్కవచ్చు. వరుసలో ఎవరి జాగా ఎప్పటికీ ఖాయం కాదు.

* పెద్ద ఫారాల్లో పోటు తగ్గడానికి కోడి ముక్కు కొన కత్తిరిస్తారు. ముక్కులో నరాలు ఉంటాయి, కోడికి నొప్పి పుడుతుంది. పైగా మన పెరటికోడి ముక్కుతోనే బతుకుతుంది. మనం ఇంట్లో ఆ పని చేయరాదు.

6. ఒక్క మాట

కోళ్ల గుణం మనుషులకు అంటగట్టడం సైన్సు కాదని మా సారు చెప్పారు. నేను కూడా అంటగట్టడం లేదు. కోడికి తన వరుస తప్ప ఇంకో దారి తెలవదు. మొదటి కోడి ఎన్నడూ పోయి రెండో చిప్ప తెచ్చి పెట్టదు. చివరి కోడి ఆకలిగా ఉందని దానికి తెలవదు. అది మనకు తెలుస్తుంది.

ఏ హాస్టల్‌లో అయినా నల్లా ఒకటే ఉండి పిల్లలు వందమంది ఉంటే పొద్దున ఎవరు ముందు ముఖం కడుగుతారు? పెద్దవాళ్లే. చిన్నపిల్లలు బకెట్లు పట్టుకొని ఒక పక్క నిలబడతారు. అక్కడ పెద్దవాళ్లను తిడితే ఒక రోజు తగ్గుతారు. ఇంకో నల్లా పెట్టిస్తే రోజూ తగ్గుతుంది. ఇంకో నల్లా వచ్చేవరకు అయిదో తరగతి పిల్లలను ముందు పోనీయడం పదో తరగతి వాళ్ల చేతిలో పని. కోడికి చేతకానిది అదే.

7. చేసి చూడండి

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ పని చేయండి.

(1) మీ కోళ్లకు పేర్లు పెట్టండి. ఒక కాగితం మీద ఆ పేర్లను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రాసి గడులు గీయండి.

(2) గింజలు చల్లి పావుగంట చూడండి. ఏ కోడి ఏ కోడిని పొడిచిందో ఆ గడిలో ఒక గీత పెట్టండి. మూడు రోజులు చేయండి.

(3) ఎక్కువ గీతలు పెట్టిన కోడి ఏది? ఎక్కువ గీతలు పడ్డ కోడి ఏది? మూడు కోళ్లు గుండ్రంగా తిరగడం ఎక్కడైనా కనిపించిందా?

(4) నాలుగో రోజు మేతకు రెండో చిప్ప దూరంగా పెట్టి మళ్లీ లెక్కించండి. గీతలు తగ్గాయా, పెరిగాయా?

(5) మీ గూడు పొడవు, వెడల్పు కొలిచి ఒక్కో కోడికి ఎంత జాగా వస్తుందో లెక్క కట్టండి.

మీ కాగితాలు తెచ్చి ఇవ్వండి. వచ్చే నెల పత్రికలో ఈ పాఠం పక్కనే అంటిద్దాం.

— పదవ తరగతి